నాలుగో ఏటి మసక

డ్రైవింగ్ నేర్పే ఆయన్ని ఆ చుట్టుపక్కల అందరూ కొండ మాష్టారు అనేవాళ్లు. ఎవరు పెట్టారో గాని, ఆ పేరు పెట్టినవాళ్లు అబద్ధమాడలేదు. ఆయన ఎక్కి కూర్చుంటే స్కూలు కారు ఆ వైపుకి ఒరిగేది. నేర్పేవాళ్ల కోసం ఆ పక్కన కూడా ఒక బ్రేకు ఉండేది. పొట్ట అడ్డమై అది ఆయన కంటికి ఏనాడూ కనిపించలేదు, కాలికి తెలుసు, అంతే. నేర్చుకునేవాళ్లు గేరు మార్చబోతే చెయ్యి ముందు ఆయన మోకాలికి తగిలేది. "మోకాలు దాటితే సగం నేర్చుకున్నట్టే," అని తనమీద తనే జోకు వేసుకుని వాళ్లకి భయం పోగొట్టేవాడు.

నవ్వులన్నీ కారులోనే. ఇంటికొస్తే మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్ల మలుపులో ఆగి, ఎవరో ఫోను చేసినట్టు చెవి దగ్గర పెట్టుకుని, ఊపిరి అందేదాకా "ఊఁ, ఊఁ" అంటూ నిలబడేవాడు. అవతల ఎవరూ లేరని భార్యకి తెలుసు. తలుపు తీసి పట్టుకుని, ఏమీ ఎరగనట్టు ఎదురుచూసేది. షుగరు మందులతో లొంగలేదు. రాత్రి నిద్రలో ఊపిరి ఆగిపోతుంటే ముక్కుకి గొట్టం తగిలించుకునేవాడు. యాభై నిండకుండానే పోతాడేమోనని ఆవిడ లోలోపల కుమిలిపోయేది.

అలాంటప్పుడు పెద్దాసుపత్రి సర్జను ఒక కొత్త ఆపరేషన్ గురించి చెప్పాడు. కాగితం మీద పొట్ట, పేగులు బొమ్మ గీసి చూపించాడు. "పాత పద్ధతిలో పొట్టని చిన్నది చేస్తాం. ఇందులో అది చేసి, పేగుని కూడా చాలా కిందకి తెచ్చి కలుపుతాం. తిన్నదాంట్లో కొంతే ఒంటికి పడుతుంది. బరువు బాగా తగ్గుతుంది, షుగరు కూడా. కానీ మాష్టారూ, ఇది ఇంకా పరీక్ష దశలోనే ఉంది. ముందు ముందు ఏమవుతుందో పూర్తిగా తెలుసని నేను చెప్పను. జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. ఆలోచించుకుని రండి."

దాపరికం లేకుండా చెప్పినందుకే మాష్టారుకి ఆయన మీద గురి కుదిరింది. ఒప్పుకున్నాడు.

ఆపరేషనైన మర్నాటి నుంచి సెలైన్ స్టాండు తోసుకుంటూ వరండాలో నడవమన్నారు. అదే వారంలో అదే ఆపరేషన్ చేయించుకున్న ఇంకొకావిడ కూడా అక్కడే నడిచేది. సినిమా హాలు పక్కన పూల దుకాణం ఆవిడది. మనిషి లావే గాని మాట బహు చురుకు. "మీరు ముందు నడిస్తే నాకు గోడ తప్ప ఏం కనిపించదు మాష్టారూ. నేను ముందు నడుస్తా, మీరు వెనక రండి," అని స్టాండు తోసుకుంటూ ముందుకు పోయేది. నొప్పికి పళ్లు బిగబట్టి కూడా నవ్వించేది. వెళ్లేరోజు, "పూలు కావాలంటే మొహమాటపడకండి, మనం ఒకే కత్తికింద పడ్డవాళ్లం," అంది.

మాష్టారు బరువు ఎండకి మంచు కరిగినట్టు తగ్గింది. షుగరు మాత్రలు మానేశాడు, ముక్కు గొట్టం అటకెక్కింది. "ఇన్నేళ్లకి మంచం మీద నాకూ ఓ చోటు దొరికిందండీ," అని భార్య మురిసింది. మెట్లు గుక్క తిప్పుకోకుండా ఎక్కేవాడు. కానీ ఒక సంగతి ఆవిడతో కూడా అనలేదు. మెట్లెక్కుతుంటే వెనక ఇంకెవరో ఎక్కుతున్నట్టుండేది. బరువైన అడుగులు, ఆయాసం. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవాళ్లు కాదు. వెనక వస్తున్నది తన పాత ఒళ్లేనని ఆయనకి గట్టిగా అనిపించేది. తనని వదిలించుకుని ఇతను హాయిగా ఎలా ఎక్కుతున్నాడో చూద్దామని అది వస్తున్నట్టుండేది.

సర్జను సభలు పెట్టినప్పుడల్లా మాష్టార్ని పిలిచేవాడు. వేదిక మీద పాత ఫొటో పక్కన కొత్త మనిషిని నిలబెట్టి చూపించేవాడు. ఆ చప్పట్లు విని ఆపరేషన్‌కి పేరు ఇచ్చినవాళ్లలో మాష్టారు చెల్లెలు కూడా ఉంది. చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. అన్నలాగే భారీ మనిషి. పిల్లలంతా నేలమీద గుండ్రంగా కూర్చుంటే ఆవిడ ఒక్కతే కుర్చీలో కూర్చునేది, కూర్చుంటే లేవలేదు గనక. "ఒక్కసారి వాళ్ల మధ్యలో కూర్చోవాలన్నయ్యా," అనేది. ఆవిడకి పెళ్లి, పిల్లలు అన్నీ ఆ బడే. వరసలో ఆవిడ పేరు చాలా ముందుకొచ్చింది.

మూడో ఏడు భార్య పుట్టినరోజుకి పూలు కొందామని మాష్టారు సినిమా హాలు వీధికి వెళ్లాడు. దుకాణంలో పూల ఆవిడ భర్త ఉన్నాడు. సాయంత్రం ఆవిడ దుకాణం కట్టేసి రోడ్డు దాటుతుంటే వ్యాను గుద్దిందట. పోయి అప్పటికే కొన్ని నెలలైంది. కొన్న పూలు ఇంటికి తీసుకువెళ్లలేక కారులోనే వదిలేశాడు. అవి ఎండిపోయి వాసన వేస్తే భార్యే తీసి పారేసింది.

ఇక నాలుగో ఏడు.

మొదట సందె వేళలు మసకగా ఉన్నాయనుకున్నాడు. వీధి దీపాలు సరిగ్గా వెయ్యడం లేదని మున్సిపాలిటీని తిట్టుకున్నాడు. కారు అద్దం మళ్లీ మళ్లీ తుడిపించాడు. పొద్దు వాలిందంటే రోడ్డు అంచులు కలిసిపోయేవి. ఎదుటి కార్ల లైట్లు వెళ్లిపోయాక చాలాసేపు కళ్ల ముందు నల్లటి గుంటలు మిగిలేవి. ఆ గుంటల్లోంచి మనుషులు ఊడిపడ్డట్టు వచ్చేవాళ్లు. నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఒక లావుపాటి ఆడమనిషి చేతినిండా ఏవో పట్టుకుని నిలబడి ఉన్నట్టు ఆయనకి రోజూ కనిపించేది. దగ్గరికి వెళితే అక్కడ ఏమీ ఉండేది కాదు. పూల ఆవిడ తనకోసం వస్తోందనుకున్నాడు. దయ్యాల మీద నమ్మకం లేని మనిషి, ఆ కూడలి రాకుండా ఇంకో వీధిలోంచి తిప్పించేవాడు.

ఒక సాయంత్రం సెలూన్ నడిపే ఒకాయన కారు నేర్చుకుంటున్నాడు. నెమ్మదస్తుడు. ఆయన ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. మాష్టారు విసుక్కున్నాడు.

"ఊరికే ఆపకండి. వెనక బళ్లున్నాయి."

"ఊరికే కాదు మాష్టారూ. సైకిలు."

బానెట్‌కి జానెడు దూరంలో సైకిలు దిగి ఒక ముసలాయన కోపంగా చూస్తున్నాడు. సెలూను ఆయన ముసలాయన వంక చూడలేదు, మాష్టారు వంక చూశాడు. మర్నాటి నుంచి పొద్దున పూట వస్తానన్నాడు.

తేడా వీధి దీపాల్లో కాదు, తన కళ్లలోనేనని మాష్టారుకి తెలిసింది అప్పుడే. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. తెల్లవారాక పూల దుకాణానికి వెళ్లి, ఇలా అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దంటూనే అడిగాడు. "ఆఖర్లో ఆవిడకి చూపు ఎలా ఉండేది?"

భర్త పూలు సర్దుతున్నవాడల్లా ఆగాడు. "పగలు బాగానే ఉండేదండీ. చీకటి పడితే తడుముకునేది. తెల్ల పూలబిందెలో పసుప్పచ్చవి పెట్టేది. నేను నవ్వేవాణ్ణి, అరవై రాకుండానే ముసలిదానివయ్యావని. ఎందుకు అడుగుతున్నారు?"

"నాకూ అలాగే ఉంది."

భర్త స్టూలు మీద కూలబడి, "హారను కొట్టానని ఆ వ్యాను డ్రైవరు ప్రమాణం చేశాడు. నేను వాడి గొంతు పట్టుకున్నాను. అటువైపు తిరిగి, ఏమీ లేనిచోటుకి చూసినట్టు చూసిందన్నాడు. నమ్మలేదు," అన్నాడు.

వారం తిరిగేసరికి మాష్టారుకి పెద్దాసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. ఆ ఆపరేషన్‌ని పరీక్ష దశ నుంచి తీసి, మామూలు వైద్యంలాగ అన్ని ఆసుపత్రుల్లో చెయ్యనివ్వాలా వద్దా అని తేల్చడానికి డాక్టర్ల సంఘం కూర్చుంటోంది. చేయించుకున్నవాళ్లలో ఒకరి మాట వింటారు. ఆ ఒకరు ఆయనే. చెల్లెలు సంబరపడిపోయింది. "నువ్వు గట్టిగా చెప్పన్నయ్యా. నెలలో నా వంతు వచ్చేస్తుంది," అంది. ఆయన తల ఊపాడు. కళ్ల సంగతి భార్యకి ఒక్కదానికే చెప్పాడు.

"చెబితే మీ బతుకుతెరువు ఏం కాను? చూపులేనివాడి దగ్గర డ్రైవింగ్ ఎవరు నేర్చుకుంటారు?" అంది ఆవిడ ముందు. కంచాలు కడిగి వచ్చాక, "చెప్పకపోతే మీరు నిద్రపోలేరు. నన్నూ పోనివ్వరు," అంది.

సమావేశం రోజు చెల్లెలు బడికి సెలవు పెట్టి, వదినతో కలిసి తోడు వచ్చింది. సమావేశం గది బయట రెండు కుర్చీలు కలుపుకుని కూర్చుంది. లోపల పొడుగాటి బల్ల, నీళ్ల సీసాలు, గోడమీద తెర. సర్జను తన ఫలితాలు చూపించాడు. బరువు ఎంత తగ్గిందో, షుగరు ఎంతమందికి పోయిందో, అన్నీ రెండేళ్ల దాకా. అందులో ఒక్క అబద్ధం లేదు. పూల ఆవిడ రెండేళ్లు పూర్తయ్యేదాకా బాగున్నవాళ్లలోనే ఉంది. తర్వాత పోయింది రోడ్డు ప్రమాదంలో గనక ఆపరేషన్ ఖాతాలోకి రాలేదు.

అధ్యక్షురాలు తల పూర్తిగా నెరిసిన డాక్టరమ్మ. మాష్టారు వైపు తిరిగి, "మీకు ఎలా ఉందండీ?" అని అడిగింది.

సర్జను చిరునవ్వుతో చూస్తున్నాడు. ఆ మనిషి తనకి ప్రాణం పోశాడు. గోడకి అవతల చెల్లెలు ఉంది. బాగుందని ఒక్క మాట అంటే చాలు, అది నిజం కూడా.

"బాగుందండీ. మూడేళ్లు చాలా బాగుంది. ఇప్పుడు సందె పడితే నాకు కళ్లు కనిపించడం లేదు," అన్నాడు.

సర్జను మొహంలో చిరునవ్వు పోయింది. కోపం వస్తుందనుకున్నాడు మాష్టారు. రాలేదు. కుర్చీ జరుపుకుని దగ్గరికొచ్చి, గదిలో ఇంకెవరూ లేనట్టు అడిగాడు. "ఎప్పట్నుంచి?"

"ఆర్నెల్లుగా ముదిరింది."

"మాత్రలు?"

"ఎప్పుడో ఓ పూట మరిచానేమో. రోజూ వేసుకుంటున్నాను."

"విటమిన్ ఎ," అన్నాడు సర్జను ఎవరితోనో కానట్టు. "కొవ్వు ఒంటికి పట్టకపోతే అదీ పట్టదు. మాత్రలు సరిపోతాయనుకున్నాం. కొందరికి సరిపోవేమో. రేచీకటి ఇది. ఎందుకు చెప్పలేదు మాష్టారూ?"

"దయ్యమనుకున్నానండీ," అన్నాడు మాష్టారు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు పూల ఆవిడ సంగతి చెప్పాడు. చెప్పడానికి ఆవిడ భర్త ఒప్పుకున్నాడని కూడా చెప్పాడు.

తర్వాత వాళ్లలో వాళ్లకి వాదన జరిగింది. ఇంజెక్షన్లతో నయమయ్యేదానికి అంత మంచి ఆపరేషన్ ఆపుతామా అన్నారొకరు. వ్యాను కింద పడ్డావిడకి కళ్లు అందుకే కనపడలేదని రుజువేమిటన్నారు ఇంకొకరు. రుజువు లేదని మాష్టారే ఒప్పుకున్నాడు. సర్జను ఆఖర్న మాట్లాడాడు. "పాత ఆపరేషన్ కూడా చేస్తూ చేస్తూనే నేర్చుకున్నాం. అంతా తెలిసేదాకా ఆగి ఉంటే ఇవాళ్టికీ మొదలుపెట్టేవాళ్లం కాదు. నా వరసలో రెండొందల మంది ఉన్నారు. వాళ్లలో ఈ ఏడు దాటనివాళ్లు కొందరుంటారు. అది కూడా బల్ల మీద పెట్టండి. ఆ తర్వాత మీరు ఆగమంటే ఆగుతాను."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి మాష్టారు వంక చూసింది. "మీరు రోజూ ఎవర్నో ఒకర్ని ఒంటరిగా రోడ్డు మీదికి వదులుతారు కదా. తయారయ్యారని ఎలా తేలుస్తారు?"

"తేల్చలేనండీ," అన్నాడు ఆయన. "ఇక చాలనిపించినప్పుడు వదిలేస్తాను. ఆ రోజంతా ఫోను మోగితే ఉలిక్కిపడతాను."

ఆవిడ తల ఊపి, "మేమూ అంతే," అంది.

నిర్ణయం సాయంత్రానికి వచ్చింది. మామూలు వైద్యంగా ఇప్పుడే వద్దు. ఇంతదాకా చేయించుకున్న ప్రతి ఒక్కర్నీ వెతికి పిలిపించాలి. రక్తం, చూపు, నరాలు పరీక్షించాలి. అది తేలేదాకా కొత్తవాళ్లకి చెయ్యకూడదు.

బయట చెల్లెలికి ఆ సంగతి సర్జనే చెప్పాడు. కారులో ఆవిడ ఇల్లు వచ్చేదాకా నోరు విప్పలేదు. కారు భార్య నడుపుతోంది, అప్పటికే మునిమాపు. దిగేటప్పుడు తలుపు పట్టుకుని, "నీకు అయిపోయింది కాబట్టి చెప్పగలిగావన్నయ్యా," అంది.

ఆ తర్వాత చాలా నెలలు చెల్లెలు అన్న గుమ్మం తొక్కలేదు. వదినతో ఫోనులో మాట్లాడేది, అన్నయ్య బాగున్నాడా అని మాత్రం అడిగేది కాదు.

ఇంజెక్షన్లు పడ్డాక మాష్టారుకి కొద్దివారాల్లోనే చూపు తిరిగొచ్చింది. అప్పటిదాకా సాయంత్రం పాఠాలు మానేసి, నేర్చుకునేవాళ్లందరికీ కారణం ఉన్నదున్నట్టు చెప్పాడు. కొందరు వేరే స్కూలు చూసుకున్నారు. సెలూను ఆయన మాత్రం ఆయన దగ్గరే లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆసుపత్రివాళ్లు వెతికి పిలిపించినవాళ్లలో ఇంకా కొందరు చీకట్లో తడుముకుంటున్నారు. వయసు వల్లనుకుని ఊరుకున్నారు. ఒకతనికి పాదాల్లో స్పర్శ పోయింది. ఇద్దరు ఎంత వెతికినా దొరకలేదు. ఆ ఇద్దరూ మాష్టారుకి కలలోకి వచ్చేవాళ్లు, మొహాలు లేకుండా.

ఏడాది పైన అయ్యాక సంఘం మళ్లీ కూర్చుంది. పేగుని కలిపే చోటు కొంచెం మార్చి, పరీక్షలకి వస్తూనే ఉంటామని ఒప్పుకున్నవాళ్లకి, రెండే ఆసుపత్రుల్లో చెయ్యొచ్చంది. చెల్లెలు అందులోనే చేయించుకుంది. ఆసుపత్రికి వదిన వెళ్లింది. ఆవిడ ఇంటికొచ్చిన రోజు మాష్టారు వెళ్లి గుమ్మంలో నిలబడితే, "లోపలికి రా, ఎండలో ఎందుకు," అంది. అంతకుమించి ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆవిడ చేతిసంచీలో మాత్రల డబ్బా ఉందో లేదో ఆయన ఇప్పటికీ కళ్లతోనే వెతుకుతాడు. అది ఆవిడకి తెలుసు. తెలిసి సంచీ తెరిచే పెడుతుంది.

ఆ నెలలోనే స్కూలుకి ఒకావిడ వచ్చింది. నలభై లోపు ఉంటుంది. బట్టల మిల్లులో ఉద్యోగం. ఇంట్లో కారుంది గాని నడిపేవాళ్లు లేరంది. మూడో పాఠమో నాలుగో పాఠమో, సిగ్నలు దగ్గర ఆగి ఉన్నప్పుడు మాటల్లో మాటగా చెప్పింది. కారు భర్తది. మంచి భారీ మనిషి. బరువు తగ్గే ఆపరేషన్ ఏదో కొత్తది వచ్చిందంటే పేరు ఇచ్చి కూర్చున్నాడు. వంతు వచ్చే సమయానికి ఆపేశారు. పాతది చేయించుకోమన్నారు గాని, కొత్తది మళ్లీ మొదలవుతుందని ఆగాడు. ఆగుతూ ఉండగానే గుండె ఆగిపోయింది, భోజనం దగ్గర కూర్చుని.

"ఎవరో పేషెంటు వెళ్లి ఏదో చెప్పాడటండీ, అందుకని ఆపారట," అంది. గొంతులో కోపం లేదు. వాన పడింది, బట్టలు తడిశాయి అన్నట్టు చెప్పింది.

పచ్చలైటు పడింది. వెనకాల బళ్లు హారన్లు కొడుతున్నాయి. ఆవిడ క్లచ్చు వదిలి, కుదుపు లేకుండా పోనిచ్చింది. మాష్టారు ముందుకు చూస్తూ కూర్చున్నాడు. చెప్పకుండా ఉండటం ఎంత సులువో ఆయనకి తెలిసింది. ఈవిడ ఇంకో పది పాఠాలు వచ్చి, లైసెన్సు తీసుకుని, వెళ్లిపోతుంది.

"పక్కకి ఆపండి," అన్నాడు.

ఆవిడ అద్దం చూసుకుని, చెయ్యి చూపించి, నీటుగా ఆపింది. తప్పేమైనా చేశానా అన్నట్టు చూసింది.

"ఆ పేషెంటుని నేనేనమ్మా."

ఆవిడ చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. రోడ్డు మీద జనం పోతున్నారు. మాష్టారు రేచీకటి సంగతి చెప్పాడు. పూల ఆవిడ సంగతి చెప్పాడు. అది రుజువు కాలేదని కూడా చెప్పాడు. అంతా విన్నాక ఆవిడ అడిగింది.

"అప్పుడే చేయించుకుని ఉంటే మావారు బతికేవాళ్లా?"

"తెలియదమ్మా."

"చేయించుకున్నాక కళ్లు పోయి ఉండేవా?"

"అదీ తెలియదు."

"తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఆయన లేరన్నట్టు తల అడ్డంగా ఆడించాడు. ఆవిడ చీరకొంగుతో మొహం తుడుచుకుని, బయటికి చూస్తూ కూర్చుంది. వేరే స్కూలుకి వెళ్లమని, కట్టిన ఫీజు తిరిగి ఇచ్చేస్తానని అందామనుకున్నాడు. అలా అంటే ఆవిడని తప్పించుకోవడానికే అంటున్నట్టుంటుందని ఊరుకున్నాడు.

వీధి దీపాలు వెలిగాయి. ఆవిడ కారు స్టార్టు చేసింది. "ఇంటిదాకా నేనే నడుపుతానండీ. చీకట్లో ఎప్పుడూ నడపలేదు. మీరు చూస్తూ ఉండండి."

మాష్టారు పాదం తన వైపు బ్రేకు మీద పెట్టుకున్నాడు. కారు కదిలింది. ఎదుటి నుంచి లైట్లు వచ్చి దాటిపోతున్నాయి, రోడ్డు అంచులు స్పష్టంగానే కనిపిస్తున్నాయి. అయినా ఆయన దీపానికీ దీపానికీ మధ్య చీకటిగా ఉన్నచోట్లనే చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ఇప్పుడు పూల ఆవిడ పక్కన ఇంకో భారీ మనిషి నిలబడి ఉన్నాడు.